ఓవరు అయ్యాక

ముసలి కెప్టెన్ జట్టును ముంచేశాడు. సెలూన్ పెద్దాయన దృష్టిలో అందులో వాదించడానికేమీ లేదు.

"బంతి దాటిపోయాక బ్యాటు తిప్పుతున్నాడు, ఈగలు తోలుతున్నట్టు," అన్నాడు టీవీ చూస్తూ, ఖాళీగా ఉన్న తన కుర్చీని దులుపుతూ. "రండి మాస్టారూ, గడ్డం గీస్తా."

"ఈ ఓవరు అయిపోనీవయ్యా," అన్నాడు బల్ల మీది మాస్టారు. "ఎన్ని మ్యాచ్‌లు గెలిపించాడు! మర్యాదగా సాగనంపొద్దూ?"

"పల్లకీ కట్టించమంటారా? తనకే తెలియాలి. తెలియకపోతే పెళ్లామైనా చెప్పాలి. మా ఆవిడైతే ఈపాటికి ఆ బ్యాటు పొయ్యిలో పెట్టేసేది."

మాస్టారు నవ్వాడు. ఓవరు అయింది. ఆయన కదల్లేదు. మరో ఓవరూ అయింది. పక్క కుర్చీలో పెద్దాయన కొడుకు ఒకరికి క్షవరం ముగించి తువ్వాలు దులిపాడు. అంతే, ఓవరు మధ్యలోనే మాస్టారు లేచి వెళ్లి ఆ కుర్చీలో కూర్చున్నాడు.

ఆయన దవడ కింద, పోయినవారం పెద్దాయన కత్తి పెట్టిన గాటు ఇంకా ఎర్రగానే ఉంది.

"నువ్వు మ్యాచ్ చూడు నాన్నా, నేను గీస్తాలే," అన్నాడు కొడుకు, అద్దంలో చూపు తప్పించి.

వీడికీ తెలుసన్నమాట. ఎన్నాళ్లుగా ఈ జనం తన కుర్చీ ఎక్కలేక ఓవర్లు సాగదీస్తున్నారో! మొహం మీద చెప్పగలిగిన ఒక్క మనిషి, తన ఆవిడ, పోయి మూడేళ్లయింది.

పెద్దాయన తన కత్తి శుభ్రంగా తుడిచి కొడుకు ముందు పెట్టాడు. టీవీ కట్టేశాడు.

"అదేంటయ్యా, కెప్టెన్ ఇంకా ఆడుతున్నాడుగా!" అన్నాడు మాస్టారు.

"ఆడుకోనివ్వండి. ఈ షాపులో ఇంకెవరూ అతని రిటైర్మెంటు ఊసెత్తొద్దు."

పెద్దాయన మళ్లీ ఆ ఊసూ ఎత్తలేదు, కత్తీ ఎత్తలేదు.