జలకన్య డేరా

“సింహాన్ని చూసినాం, ఏనుగునూ చూసినాం. ఇంక పదమే, మైపాడు బస్సు పోతాది!” అన్నాడు ముత్యాలయ్య.

“అప్పుడేనా మామా? నీటిగుర్రాన్ని ఇంకా చూడనే లేదే!” అంటూ కామమ్మ మొగుడి భుజం మీది తువ్వాలు పట్టుకుని లాగింది.

నెల్లూరు శివారు మైదానంలో జంతు ప్రదర్శన కంపెనీ దిగి నెల దాటింది. గుర్రాలకు బదులు చెక్కపులులూ జింకలూ గిరగిరా తిరిగే రంగులరాట్నం ఒకవైపు, మబ్బుల్ని తాకి వస్తున్నట్టున్న జెయింటు వీలు ఇంకోవైపు. ఎక్కడో సింహం గర్జించింది. కాళ్ళకింద నేల కూడా గుర్రుమన్నట్టయింది. జనం గోలగోలగా వెనక్కి తగ్గారు. ముత్యాలయ్య మాత్రం కదల్లేదు.

కటకటాల వెనక నీటిగుర్రం నెమ్మదిగా నోరు తెరిచింది. గంగమ్మ ఇట్లాంటివాటిని కూడా కన్నదా అనుకుంది కామమ్మ.

“మన పడవ మొత్తం పట్టేటట్టుండాదే మామా దాని నోట్లో!”

“పడవ పట్టినా నీ నోరు పట్టదులే.”

మొగుడు నవ్వేసరికి ఆమెకు ధైర్యం వచ్చింది. నిజానికి ఆమె వచ్చింది నీటిగుర్రం కోసం కాదు, కూతురి కోసం.

నాగూరమ్మ ఇల్లు వదిలి రెండేళ్ళయింది. ఈ కంపెనీలోనే ఏనుగులకు మేత వేసే హెబ్రోను అనేవాడి వెంట వెళ్ళిపోయింది. ఆనాడు ముత్యాలయ్య నడుములోతు సముద్రంలో నిలబడి, పేటంతా వినేటట్టు ఒట్టు పెట్టాడు. “దాని మొహం చూసిననాడు గంగమ్మ నన్ను పడవతోసహా మింగెయ్యాల!” గంగమ్మ మీద పెట్టిన ఒట్టు. నమ్ముకుని బతికే సముద్రంలో నిలబడి పెట్టిన ఒట్టు. కూతురిని చూద్దామని మళ్ళీ ఆయన్ను అడిగే ధైర్యం కామమ్మకు లేకపోయింది.

నిన్న పొరుగింటి గురవమ్మ కబురు తెచ్చింది. గాజుతొట్టిలో జలకన్య వేషం వేసేది నాగూరమ్మేనట. రేపు పొద్దున్నే కంపెనీ కలకత్తా వైపు వెళ్ళిపోతుందట. “మొహానికి రంగు పూసుకుని ఉంటా. నాయన గుర్తుపట్టలేడు. పోయేముందు ఒక్కసారి ఆయన దీవెన కావాల. ఎట్లాగైనా తీసుకురమ్మని మాయమ్మకు చెప్పు పిన్నీ” అన్నదట.

తెలియక చూస్తే ఒట్టు తప్పినట్టు కాదు. తెలిసి చూశాడా, మనిషి దక్కడు. ఈ రెంటి మధ్యా కామమ్మ గుండె కొట్టుకుంటోంది.

పైగా ఆయన ఎట్లాంటి మనిషి! ఆమె మోకాలి నొప్పి చూడలేక, ఈ నెలంతా తనే చేపలగంప నెత్తినెత్తుకుని నెల్లూరు అంగడికి వస్తున్నాడు. మగాడు గంప మోసేదేందని పేటంతా నవ్వినా లెక్కచెయ్యలేదు. అట్లాంటివాడిని మోసం చేస్తున్నానే అని ఆమె లోలోపల కుమిలిపోతోంది.

“మామా, జలకన్యంట. అదొకటి చూసి పోదాం.”

“జలకన్యా లేదు, గాడిదగుడ్డూ లేదు. సముద్రంలో పుట్టి పెరిగినోడికి చూపించేదేముందిమే?”

“నాకోసం రా మామా. మళ్ళీ జన్మలో అడగను.”

ముత్యాలయ్య ఆమె మొహంలోకి చూశాడు. ఏదో గొణుక్కుంటూ వెనుదిరిగి, ఎలుగుబంట్ల బోన్ల సందులోంచి నడిచాడు. సందు దాటగానే ఎదురుగా జలకన్య డేరా!

“ఇట్టా దోవుందని నీకెట్ట తెలుసు?”

“ఉప్పునీళ్ళ వాసన తగలడంలా? చేపలోడి ముక్కు ఇది.”

లోపల చీకటి. ముత్యాలయ్య వెనక గుంజ దగ్గర నిలబడబోతే, కామమ్మ చెయ్యి పట్టుకుని ముందుకు లాక్కుపోయింది. తెర లేచింది.

గాజుగోడ అవతల పచ్చటి నీళ్ళు దీపాల కాంతిలో మిలమిలా మెరుస్తున్నాయి. బండిచక్రాలంతేసి తాబేళ్ళు ఆకాశంలో గద్దల్లా తేలిపోతున్నాయి. వాటి మధ్యకు పైనుంచి ఒక వెండితోక దిగింది. దాని వెనకే వెండిరంగు పూసిన మొహం, నాచులాగా విచ్చుకున్న జుట్టు. తాబేలు పక్కకు తప్పుకుని ఆమెకు దారి ఇచ్చింది. చప్పట్లు కొట్టడం కూడా మరిచిపోయారు జనం. ఇది తన కడుపున పుట్టిన పిల్లేనా? సముద్రం తన పిల్లను మళ్ళీ కని, ఇంత అందంగా చూపిస్తోందా? కామమ్మకు ఒళ్ళు జలదరించింది.

ఎంతసేపటికీ ఆ పిల్ల పైకి లేవలేదు. కామమ్మ భయంగా మొగుడి వైపు తిరిగింది. ముత్యాలయ్య పెదవులు బిగించి ఉన్నాడు. ఛాతీ కదలడం లేదు. ఆయన కూడా ఊపిరి బిగబట్టాడు!

పిల్ల పైకి తేలింది. ముత్యాలయ్య కూడా తానే మునిగి లేచినట్టు గట్టిగా ఊపిరి వదిలాడు.

“ఏంది మామా, అట్టయిపోయినావు?”

“ఏంలా.”

“ఎవరి బిడ్డో పాపం...” అంది కామమ్మ.

ముత్యాలయ్య, మళ్ళీ నీళ్ళలోకి దిగుతున్న ఆ వెండిమొహాన్నే చూస్తూ చెయ్యెత్తాడు.

“ఎవరి బిడ్డయితే ఏందిమే? గంగమ్మ చల్లగా చూడాల. నిండు నూరేళ్ళు బతకాల.”

గాజు అవతల జలకన్య ఒక్క క్షణం ఆగింది. అరచెయ్యి గాజుకు ఆనించి, తల వంచింది. కామమ్మ కొంగుతో మొహం కప్పుకుంది. దక్కింది, బిడ్డకు దీవెన దక్కింది. ఆయనకు తెలియనే లేదు!

“ఎందుకేడస్తావే?”

“ఏడుపేంది మామా? దీపాల పొగ.”

తెర పడింది. జనంతోపాటు ఇద్దరూ బయటికి నడిచారు. గుమ్మం దగ్గర గుడ్డ పైకెత్తి పట్టుకున్న కంపెనీ మనిషి, ముత్యాలయ్యను చూసి తెలిసినవాడిలా నవ్వాడు.

“రోజూ వచ్చేవాడివి, రేపట్నించి ఎక్కడికి పోతావు పెద్దాయనా?”