మునెమ్మ ముద్ద

“నెల దాటినా ముల్లు కదల్లేదే, కుప్పయ్యన్నా! బిడ్డకు పిండి పెడతాండావా, లేదా?”

బాలవాడి టీచరు పంకజాక్షమ్మ తక్కెడలోంచి నా మనవరాలు మునెమ్మను దించి నా చేతికిచ్చింది. రెండేండ్ల బిడ్డ, దూదిమూట మాదిరి తేలిగ్గా ఉండాది.

నాకు రోషమొచ్చింది. “పెట్టకేమమ్మా! నువ్విచ్చిన పిండిలో బెల్లం కలిపి, ముద్ద చేసి, ముందు ఏడుకొండలవాడికి చూపిస్తాను. అంత నిష్ఠగా ఎవురు పెడతారు?”

“ఆపైన?”

“ఆపైన అది ప్రసాదం గదా! వాకిట్లో నిలబడినోళ్లకు లేదనకూడదు. వీధంతా పంచుతాను.”

“బిడ్డకెంత పెడతావు?”

నేను రెండు వేళ్లు కలిపి చిటికెడని చూపించినాను.

“మొన్న జొరానికి డాక్టరిచ్చిన మాత్రలు కూడా వీధికి పంచినావా అన్నా?”

“అది బిడ్డ మందు గదమ్మా!” అనేసి నాలిక్కరుచుకున్నాను.

ఆమె నవ్వలేదు. నవ్వుంటే బాగుండు.

“స్వామికి చూపించకుండా ఎట్ట పెట్టేది?” అని గొణిగినాను.

“చూపించు. చూపించి తలుపేసుకో.”

ఆ పొద్దు ముద్ద చేసి, పటానికి చూపించి, తలుపుకు గడియ పెట్టినాను. బయట పక్కింటి వరదమ్మక్క, “కుప్పయ్యా, ప్రసాదం కాలేదా?” అని పిలస్తా ఉండాది. నలుగురికీ పెట్టే మారాజని పేరుపడిన నేను, దొంగమాదిరి మూలన నక్కి కూర్చున్నాను.

“సద్దు చేయబాకమ్మా” అన్నాను మెల్లిగా, బిడ్డ నోట్లో ముద్ద పెడతా.

ముద్దంతా అయిపోయింది. మునెమ్మ గట్టిగా చప్పరిస్తానే ఇంకో ముద్దకు చెయ్యి చాపింది.