సంఘం వచ్చిందా?

పాస్టరుగారు కళ్లు మూసుకుని ప్రార్థన చేస్తున్నారు. మందిరమంతా నిశ్శబ్దంగా ఉంది.

చివరి బెంచీ నుంచి గురక వినిపించింది.

పాటల బృందంలోని ఆడపిల్లలు నోటికి చేతులు అడ్డం పెట్టుకున్నారు. పాస్టరుగారు కాస్త తొందరగానే ఆమెన్ అనేశారు.

సంఘపెద్ద నిట్టూర్చి లేచాడు. మోకాళ్లు కలుక్కుమన్నాయి. తలుపులు తీయడం దగ్గర్నుంచి తగవులు తీర్చడం దాకా ఈ సంఘంలో పనులన్నీ ఆయన నెత్తినే ఉన్నాయి. ఇప్పుడీ గురక ఒకటి.

వెళ్లి ఆ మనిషి భుజం తట్టాడు.

"క్షమించండయ్యా" అంటూ అతను ఉలిక్కిపడి లేచాడు.

అతను ఊరికి కొత్త. లాండ్రీలో ఇస్త్రీ పని. నా అన్నవాళ్లు ఎవరూ లేరు. వచ్చిన కొత్తలో బాగానే ఉన్నాడు. తర్వాతే ఈ జబ్బు పట్టుకుంది. ప్రసంగం మొదలైతే చాలు, తల వాలిపోయేది. పిల్లలు 'కునుకు బ్రదర్' అని పేరు కూడా పెట్టేశారు.

అతనికి ఒకటే కోరిక. ఈ సంఘంలో సభ్యుడు కావాలి, అందరితో పాటు ప్రభువు బల్ల దగ్గరికి వచ్చి రొట్టె, ద్రాక్షరసం తీసుకోవాలి. సంఘపెద్ద సరే అంటేనే అది జరుగుతుంది.

ఆరాధన అయ్యాక మళ్లీ అదే అడిగాడు.

"వచ్చే ఆదివారం బల్ల ఉంది కదయ్యా. ఈసారైనా నన్ను చేర్చుకుంటారా?"

సంఘపెద్దకు ఒళ్లు మండింది. ఓపిక అయిపోయిన మనిషికి కోపం తొందరగా వస్తుంది.

"సభ్యుడంటే పేరొకటి రాయించుకోవడం కాదు బ్రదర్. దానికి తగ్గట్టు బతకాలి. దేవుడి సన్నిధిలో గంటసేపు మెలకువగా కూర్చోలేవు. నిన్ను చూసి పిల్లలేం నేర్చుకుంటారు? రాత్రిళ్లు ఏం వెలగబెడతావో ఏమో!"

అతను ఏదో చెప్పబోయి ఆగాడు.

"నిజమేనయ్యా. ఇక్కడ నిద్రపోవడం తప్పే."

"ముందు నీ బతుకు చక్కబెట్టుకో. అప్పుడు చూద్దాం. అందాకా రాకపోయినా పర్లేదు."

ఆ చివరి మాట నోరు జారి వచ్చింది. వెనక్కి తీసుకుందామనుకున్నాడు గానీ, దానికీ ఓపిక లేకపోయింది.

అతను తల ఊపి వెళ్లిపోయాడు. మరి రాలేదు. ఎందుకు రావడం లేదని ఎవరూ అడగలేదు కూడా.

నెల తిరక్కుండానే టీచరమ్మ పోయింది.

టీచరమ్మ అంటే ఈ సంఘంలో సగం మందికి ఆదివారం బడిలో పాటలు నేర్పిన మనిషి. పక్షవాతం వచ్చి మంచాన పడింది. ఒక్కగానొక్క కూతురికి మిల్లులో రాత్రి డ్యూటీ. పగలు తల్లిని చూసుకోవాలి కాబట్టి ఆ అమ్మాయి మందిరానికే రాలేకపోయేది. రాత్రిళ్లు టీచరమ్మకు తోడుగా ఎవరైనా వెళ్తారా అని పాస్టరుగారు అప్పట్లో ఒక ఆదివారం అడిగారు.

అందరూ ఆమెన్ అన్నారు.

ఆ తర్వాత బజార్లో ఎక్కడ కనిపించినా, "సంఘం చేస్తున్న మేలు ఈ జన్మకి మర్చిపోలేను" అనేది కూతురు. స్త్రీల సమాజం వాళ్లు వెళ్తున్నారు కాబోలనుకున్నాడు సంఘపెద్ద. యువకులు వెళ్తున్నారు కాబోలనుకున్నారు స్త్రీలు. యువకులు అసలేమీ అనుకోలేదు. మెప్పు మాత్రం తలా కాస్త పంచుకున్నారు. పదిమంది చేరిన చోట పాము చావదని ఊరికే అన్నారా!

భూస్థాపన అయ్యాక కూతురు సంఘపెద్ద చేతులు పట్టుకుంది.

"బాబాయిగారూ, ఆయన కనిపించలేదేం?"

"ఎవరమ్మా?"

"అదే, మీరు పంపినాయన. లాండ్రీలో పని చేస్తాడు చూడండి. రోజూ పని అవగానే వచ్చేవాడు. అమ్మకి పక్క మార్చడం, కాళ్లు పట్టడం, దాహమంటే చెంచాతో నీళ్లు పొయ్యడం... తెల్లారి నేనొచ్చేదాకా కన్ను మూసేవాడు కాదు. కన్నకొడుకైనా అంత చెయ్యడు."

సంఘపెద్ద ఆమె చేతుల్లోంచి తన చేతులు మెల్లగా వెనక్కి తీసుకున్నాడు.

"మొదటిరోజు తలుపు తీస్తే, 'సంఘం తరఫున వచ్చానమ్మా' అన్నాడు. అమ్మ ఎంత పొంగిపోయిందో! అప్పట్నుంచి తలుపు చప్పుడైతే చాలు, 'సంఘం వచ్చిందా?' అని అడిగేది. ఈ నెల్లోనే ఆయన మానేశాడు."

"రావడమా?"

"అయ్యో, లేదు. నిన్నటిదాకా వచ్చాడు. సంఘం తరఫున అనడం మానేశాడు. ఎందుకండీ అంటే, 'ఇప్పుడలా అంటే అబద్ధమవుతుందమ్మా. ఊరికే నేనే వచ్చాను' అన్నాడు. ఏమైనా జరిగిందా బాబాయిగారూ?"

సంఘపెద్దకు తల కొట్టేసినట్టయింది. జరిగిందని చెప్పడానికి ధైర్యం చాలలేదు. ఇంటికి కూడా వెళ్లకుండా, నొప్పి కాళ్లు ఈడ్చుకుంటూ లాండ్రీకి వెళ్లాడు.

యజమాని బట్టలు మడతపెడుతున్నాడు. ఇస్త్రీ చేసే అతను ఉన్నాడా అని అడిగాడు సంఘపెద్ద.

"మీరెంత పొద్దు పోయి వచ్చారండీ! పొద్దున్నే బస్సెక్కేశాడు. వేరే ఊళ్లో మంచి పని దొరికి చాలా రోజులైంది. ఎవరో ముసలమ్మ ఉన్నన్నాళ్లూ కదలనని కూర్చున్నాడు."

"ఏ ఊరు?"

"నాకూ చెప్పలేదండీ. ఇంతకీ అతను మీకేమవుతాడు?"

సంఘపెద్ద మెట్టు మీద కూలబడ్డాడు. ఏమని చెప్పాలి?

ఇన్నాళ్లూ టీచరమ్మ మంచం పక్కన మేలుకుని కూర్చున్న సంఘమంటే, సంఘంలో సభ్యుడు కాని ఆ ఒక్క మనిషే.