కోత పండుగకొచ్చిన పోలీసు

“సారూ, మీ గొంతు పలిగిన కుండ లెక్కుంది. మీరు పాడకుండ్రి.”

బెల్లంపల్లి దగ్గర ఒక చిన్న చర్చిలో, పాటల పెద్ద మగ్దలేనమ్మ ఈ మాట అన్నది ముక్కూ మొహం తెలియని మనిషిని.

బయట బస్సు చెడిపోయింది. మంచినీళ్లకని వచ్చిన ఆ ప్రయాణికుడు, లోపల పాట సాధన చేస్తుంటే తనూ సన్నగా గొంతు కలిపాడు. అదే ఆయన నేరం.

మగ్దలేనమ్మ అసలే పరేషాన్‌లో ఉంది.

ఆ రోజు కోత పండుగ. పాటల గుంపులోని ఆనందమ్మ నాట్ల బాణీలో కట్టిన స్తుతి పాట పాడాలి. కిందటేడు డోలు ఒక దారిన, గొంతులు ఒక దారిన పోయాయి. “మళ్లీ ఇట్లాగే అయితే పొలం బాణీలు బంద్. పుస్తకంలో పాటలే పాడండి” అని జిల్లా చర్చిల పెద్దయ్యగారు చెప్పి వెళ్లారు.

ఇంకో గంటలో ఆయన వస్తారు.

“పేరేంది సారూ?”

“అంబదాస్.”

“ఏం పని జేస్తరు?”

“మంది ముందట నిలవడి చేతులూపుతనక్కా.”

“ఓహో, చౌరస్తల పోలీసా!”

ఆయన కాస్త ఆలోచించాడు. “గట్లనే అనుకోండ్రి.”

“అయితే గీ సమ్మయ్యను జర ఆపుండ్రి. డోలు పట్టుకుంటే పగ్గం తెంపుకున్న కోడె లెక్క ఉరుకుతడు.”

పోలీసు అనగానే సమ్మయ్య బిగుసుకుపోయాడు. దీపం లేని సైకిలు తొక్కి ఒకసారి దొరికిపోయినవాడు. ఆయన చెయ్యి ఎత్తితే ఆగాడు. దించితే కొట్టాడు. ఆ చేతి మీంచి చూపు తిప్పితే ఒట్టు. సమ్మయ్యను చూసి మిగతావాళ్లూ అటే చూశారు.

“దేవునికి స్తోత్రం! అందరు ఒక్కపారే ఆగిండ్రు!” అన్నది మగ్దలేనమ్మ.

పెద్దయ్యగారు వచ్చారు. అంబదాస్ చెయ్యి దించగానే పాట మొదలైంది. చివరి చరణం ఆనందమ్మ ఒక్కతే పాడాలి. పెద్దయ్యగారి మొహం చూడగానే ఆమె ఎత్తుగడే మరిచిపోయింది.

మగ్దలేనమ్మ కళ్లు మూసుకుంది.

అంబదాస్ సంచిలోంచి పిల్లనగ్రోవి తీశాడు. మడిలో పక్కన నాటు వేస్తున్న మనిషి అందించినట్టు, ఆ చరణాన్ని మెల్లగా ఊదాడు.

ఆనందమ్మ అందుకుంది.

పాట అయ్యాక కూడా పెద్దయ్యగారి పాదం తాళం వేస్తూనే ఉంది. “వచ్చే ఏడు కూడా ఇదే పాడండి” అన్నారు.

బయట బస్సు హారను మోగింది.

“గీ బాణీ ఎక్కడిదమ్మా?” ఆనందమ్మను అడిగాడు అంబదాస్.

“మా అవ్వది సారూ. నాట్లేసుకుంట పాడేది. ఇప్పుడు ఆమె లేదు.”

“నేను పట్టుకపోనా?”

“పట్టుకపోతే పాట తరుగుతదా సారూ?”

మగ్దలేనమ్మ ఒక గుమ్మడికాయ తెచ్చి ఆయన చేతుల్లో పెట్టింది.

“సారూ, మంచి మాట చెప్తున్న. పోలీసు కొలువు ఇడిసిపెట్టుండ్రి. సంగీతం జర నేర్చుకుంటే పైకొస్తరు.”

“తప్పకుండ నేర్చుకుంటనక్కా” అన్నాడాయన, ఎంతో శ్రద్ధగా.

రెండేళ్లు గడిచాయి. అంగడికి వచ్చిన మగ్దలేనమ్మ, ఆనందమ్మ లక్ష్మీరాజం హోటల్లో చాయ్ తాగుతున్నారు. రేడియోలో ఎన్నో వాద్యాలు ఒక్కసారి లేచాయి. వాటి నడుమ నుంచి నాట్ల బాణీ. దాని వెంట ఒంటరిగా పిల్లనగ్రోవి.

“మా అవ్వ!” అన్నది ఆనందమ్మ. చాయ్ చీర మీద ఒలికింది.

“గాయన మన పోలీసు సారే! నా మాట ఇన్నడు సూడు! కొలువు ఇడిసి రేడియోల చేరిండు!” మగ్దలేనమ్మ హోటలంతా వినిపించేలా చెప్పింది.

పిల్లనగ్రోవి ఆగింది.

“ఇరవై ఏళ్లు మా వాద్యబృందం ముందు నిలబడి దాన్ని నడిపించి, కిందటి వారం కన్నుమూసిన స్వరకర్త, వేణు విద్వాంసులు అంబదాస్ గారి చివరి రచన ఇంతవరకు విన్నారు” అన్నది రేడియో.