మడుగు ఒడ్డున దర్గా

“తవ్వండి!” కాంట్రాక్టర్ జీవరాజు కూలీల మీద కేకేశాడు.

భద్రయ్య దర్గా వైపు చూశాడు. ఆకుపచ్చ చాదర్ కింద ఉన్నది ఉత్త మట్టికుప్ప. పోసింది తనే! పోలీస్ యాక్షన్ అయ్యిందో లేదో, లాలాగూడ మడుగు పూడ్చి సికింద్రాబాద్ మిలటరీ లారీలకు మైదానం చేస్తామన్నారు. నీళ్లలోనే నిలబడి పెరిగే కణప చెట్లన్నీ కొట్టేస్తారట. వాటి వేళ్ల సందుల్లోనే కదా చేపలు గుడ్లు పెట్టేది! అవి పోతే చేపలు పట్టుకు బతికే భద్రయ్య ఏం తినాలి? చాదర్ కప్పిన చోట ఎవరూ గొడ్డలి ఎత్తరని ఈ దొంగ దర్గా లేపాడు.

చాదర్ ఇచ్చింది టాంగా తోలే పీర్ మహమ్మద్. ఇచ్చి ఊరుకున్నాడా! కొన్నాళ్లుగా రోజూ పొద్దున్నే వచ్చి, ఊదుబత్తి వెలిగించి, కుళ్లికుళ్లి ఏడుస్తున్నాడు.

“మస్తు చేస్తున్నవ్ పీరన్నా! నాకే నమ్మబుద్ధయితుంది,” అని భద్రయ్య నవ్వేవాడు. “నీ కొడుకు నాసర్ కనిపిస్తలేడేందీ?”

“బొంబాయి పోయిండు. మా పిల్లగాండ్లకు ఈడ మంచిగ లేదు.”

ఇప్పుడేమో ఈ జీవరాజు వినడే!

“నేను ఈడనే పుట్టిన. గీ దర్గా సంగతి ఎన్నడూ వినలే. రజాకార్లు తుపాకులు పాతిపెట్టి చాదర్ కప్పిండ్రు. తవ్వండ్రా!”

పీర్ మహమ్మద్ కుప్ప మీద బోర్లా పడ్డాడు.

“వద్దు సాబ్! నీ కాళ్లు మొక్కుతా! కావాలంటే చెట్లన్నీ కొట్టుకో, దీన్ని మాత్రం ముట్టకు!”

భద్రయ్యకు ఒళ్లు మండిపోయింది. చెట్ల కోసమే కదా ఈ నాటకమంతా!

“గదేం మాటనే? జెర తగ్గు,” అని అతని చెవిలో గొణిగాడు.

కూలీలు పీర్ మహమ్మద్‌ను పక్కకు లాగేశారు. పార దిగింది. కుప్ప అయిపోయి నేల వచ్చింది. ఇక దొరికిపోయామనుకుని భద్రయ్య కళ్లు మూసుకున్నాడు.

“అమ్మో!” కూలీ పార పారేసి వెనక్కి గెంతాడు.

మట్టిలోంచి శవానికి చుట్టే తెల్లటి కఫన్ గుడ్డ కనబడుతోంది.

జీవరాజు చెంపలేసుకున్నాడు.

“తప్పయింది... తప్పయింది! మడుగు జోలికి సుత రాం. పదండ్రా!”

అందరూ పరుగందుకున్నారు. చెట్లు దక్కాయి. భద్రయ్య గుంట దగ్గరికి వచ్చి తొంగి చూశాడు.

“పీరన్నా! ఒట్టు, నేను పోసింది ఉత్త మన్నే! ఎవరే ఈ మనిషి?”

పీర్ మహమ్మద్ రెండు చేతులా మట్టి లాగి కప్పుతున్నాడు.

“నాసర్ బొంబాయి పోలే, భద్రయ్యా.”