దుప్పటి కప్పిన మగ్గం

“ఆపుతవా లేదా?” అని అనసూర్య దొడ్లోంచే కేకేసింది.

ముందు గదిలో మగ్గం ఆగలేదు. టక్కున ఒక దెబ్బ పడింది. కాసేపు చప్పుడు లేదు. మళ్ళీ ఇంకో దెబ్బ.

లేచి వెళ్ళి నూలు దూర్చే నాడె లాక్కుందామంటే పొయ్యి మీద జావ ఉంది. కలపడం మానితే అడుగంటుతుంది. మాడు వాసన తగిలితే కూతురు స్వరూప ఇక ఈ పూటకి నోరు తెరవదు. సూదిమందు మొదలైన దగ్గర్నుంచీ ఆ పిల్లకు నోటినిండా పుండ్లే, జావ ఒక్కటే గొంతు దిగుతోంది. అందుకని అనసూర్య చేతిని జావకు అప్పగించి, కోపాన్ని నోటికి అప్పగించింది.

పిట్టగోడ అవతల బట్టలారేస్తున్న యాకమ్మ తల ఎత్తింది.

“సారంగపాణి ఇయ్యాల జల్ది వచ్చినట్టున్నడు?”

“మిల్లు సైరన్ గూడ కాలేదక్కా. ఎనుక నుంచి వస్తె నాకు దొరుకుతనని ముందల తలుపుకెంచి దొంగలెక్క దూరిండు.”

కొత్తవాడలో ఆ గల్లీ పొడవునా మగ్గాల మోతే. ఈ ఇంట్లో మాత్రం నిరుటి వానాకాలం నుంచీ మోత లేదు. స్వరూప రక్తంలో క్యాన్సర్ ఉందని, దుమ్ము, ధూళి, జనం పిల్ల దగ్గరికి రాకూడదని హైదరాబాదు దవాఖానలో చెప్పారు. ఆ సాయంత్రమే తండ్రి సారంగపాణి తన పక్కమీది దుప్పటి తీసి, సగం నేసిన జంపఖానాతో సహా మగ్గం మీద కప్పేశాడు. ఉప్పలయ్య మగ్గాల షెడ్డుకు కూలికి పోయి, మిల్లు సైరన్ కూశాకే ఇంటికి రావడం మొదలుపెట్టాడు. అక్కణ్ణుంచి వెనక గల్లీలోంచి దొడ్డితలుపు గుండా రావాలి, చొక్కా విప్పి మేకుకు తగిలించాలి, వేన్నీళ్ళు పోసుకోవాలి, అప్పుడే బిడ్డను ముట్టుకోవాలి. అదీ అనసూర్య పెట్టిన చట్టం. అత్త రాజవ్వ మనవరాలిని చూడాలని పాలకుర్తి నుంచి వస్తే గడప అవతలే నిలబెట్టింది. వాడంతా ఆమెను గయ్యాళి అంది. అంటే అననీ అనుకుంది.

గయ్యాళితనం వృథా పోలేదు. మొన్న వెళ్ళినప్పుడు డాక్టరు కాగితాలు చూసి నవ్వాడు. రక్తం శుభ్రపడిందట. ఇక ఇంటి దగ్గర మాత్రలు వేసుకుంటే చాలట. కాకపోతే సూదిమందు కాళ్ళలో సత్తువ లాగేసింది, అది తిరిగి రావాలి, ఎప్పుడొస్తుందో తాను చెప్పలేనన్నాడు. అప్పట్నుంచీ అనసూర్య ఎదురు చూసేది ఆ కాళ్ళ కోసమే. పాదాలు గుడ్డపీలికల్లా వేలాడుతుంటే తండ్రి ఎత్తుకుని తిప్పుతున్నాడు.

ఒకప్పుడు ఆ పాదాలు ఊరుకునేవి కావు. తండ్రితో పాటు మగ్గం గుంటలో దిగి, అతని మోకాళ్ళ మధ్య నిలబడి తొక్కుడు కర్రలు తొక్కేవి. అనసూర్య ఏనాడూ గుంటలో దిగింది లేదు. ఆమె పని నూలు కండెలు చుట్టడం వరకే.

నిన్న రాత్రి అన్నం దగ్గర సారంగపాణి మెల్లగా కదిపాడు. రక్తం సాఫైంది గదా, జర దుప్పటి తీస్తనే అన్నాడు. అనసూర్య ససేమిరా అంది. అసలే ఈ మధ్య పిల్ల అరికాళ్ళకు నూలు నూగు అంటుకుని ఉంటోంది, రోజూ తడిగుడ్డతో తుడవలేక చస్తున్నాను, నువ్వు ఒళ్ళు సరిగ్గా తోముకుంటే కదా అని అతన్నే తగులుకుంది. సబ్బరిగేటట్టు తోముతున్నానని అతను మొత్తుకున్నా నమ్మలేదు. పక్కగదిలో పడుకున్న స్వరూప కిసుక్కున నవ్వింది కూడా.

“దెబ్బ గట్ల పడుతాందేంది చెల్లె?” అంది యాకమ్మ చెవి ఒగ్గి. “మీ ఆయన నేత గిది కాదు. తాగిండా ఏంది?”

“తాగుడు ఎరుగడక్కా. నాకు ఇనపడొద్దని దొంగదెబ్బలు కొడ్తాండు.”

“పోనీ తియ్యి. రక్తం మంచిగైనంక గింత దుమ్ముకు ఏమైతది?”

అనసూర్య గరిటె తిప్పడం ఆపింది. గొంతు తగ్గింది.

“దుమ్ముకు కాదక్కా నా ఫికర్. అడుగు తీసి అడుగు వెయ్యలేని పిల్ల పక్కన, తండ్రి కాళ్ళాడిచ్చుకుంట కూసుంటె దాని పాణం ఎట్లుంటది? ఆ కర్రలు చూసినప్పుడల్లా మొకం గోడ దిక్కు తిప్పుకుంటది. అందుకే దుప్పటి తియ్యనిస్తలేను.”

అనసూర్యకు ఏడుపు వచ్చింది. ఏడుపు వస్తే ఆమెకు కోపమూ వస్తుంది. ఇంటివైపు తిరిగి గట్టిగానే అడిగింది.

“ఓ స్వరూప నాయినా, ఇన్నవా? కాళ్ళు రాని బిడ్డ ముంగట కాళ్ళాడిస్తానికి నీకు మనసెట్ల వచ్చింది?”

మగ్గం ఆగింది. సిగ్గుపడ్డాడనుకుంది అనసూర్య. జావ దించి గిన్నెలో పోసింది. అంతలోనే మళ్ళీ మొదలైంది. ఈసారి దెబ్బ గట్టిగా, దెబ్బ వెంట దెబ్బగా పడుతోంది. ఎవరో పంతం పట్టినట్టుంది.

దూరంగా మిల్లు సైరన్ కూసింది.

ఇక లాభం లేదని అనసూర్య కొంగు బిగించి లేచింది. సరిగ్గా అప్పుడే వెనక దొడ్డితలుపు కిర్రుమంది. తలనిండా నూగుతో సారంగపాణి లోపలికొచ్చి, చొక్కా విప్పి మేకుకు తగిలించాడు.

“నీళ్ళు కాగినయా? ఎవలతోని లొల్లి పెట్టుకున్నవే?” అన్నాడు.

మగ్గం ఆగలేదు.