టిప్పు పనికే

"నా తల జోలికి ఎవరొచ్చినా ఊరుకోను," అంది తల్లి మంచం మీద నుంచి.

"కాకి గూడులా ఉందమ్మా. ఇవాళ కత్తిరించాల్సిందే," అంది కూతురు.

"ఉండనీ. కాకులకైనా పనికొస్తుంది."

పక్షవాతంతో కుడిచెయ్యి పడిపోయిన దగ్గర్నుంచీ ఆవిడ వరస అదే. అద్దం చూడదు. వ్యాయామానికి రబ్బరు బంతి ఇస్తే ఎడం చేత్తో విసిరికొడుతుంది. వేళ్ళు కదిపే ప్రయత్నమైనా చెయ్యకపోతే ఆ చెయ్యి ఇక అంతేనని డాక్టరు తేల్చి చెప్పేశాడు. ఆ దిగులుతో కూతురికి కంటిమీద కునుకు లేదు.

జుట్టు బాగుపడితే మనసైనా కుదుటపడుతుందని, ఆసుపత్రికి వారానికోసారి వచ్చే పార్లర్ ఆవిణ్ణి పంపమని నర్సుకు చెప్పింది.

తలుపు దగ్గర ఎవరో దగ్గారు. కళ్ళద్దాలావిడ. భుజానికి సంచీ.

"జుట్టు నేను కత్తిరించనా?"

"మీ కోసమే చూస్తున్నాం. రండి."

ఆవిడ కాస్త తటపటాయించి లోపలికి వచ్చింది. సంచీలోంచి గుడ్డలో చుట్టిన కత్తెర తీసింది.

కత్తిరింపు డబ్బులు ఆసుపత్రి బిల్లులోనే కలుస్తాయి కాబట్టి, టిప్పుకి ఏ నోటివ్వాలో కూతురు అప్పుడే మనసులో అనుకుంది. ఆమె హోటల్లో వడ్డించే మనిషి. ఒకసారి జ్వరంతో చేతులు వణికి కాఫీ ఒలకబోస్తే, ఒకాయన 'పాపం' అంటూ పెద్ద నోటు పెట్టి వెళ్ళాడు. ఆ నోటు ఆమెకి ఇప్పటికీ ముల్లులా గుచ్చుకుంటూనే ఉంది. టిప్పు పనికే ఇవ్వాలి, జాలికి కాదు. అప్పటినుంచీ ఆమె లెక్క అదే.

పని మొదలైంది. మొదలైందనే గానీ సాగితేనా?

ఒక పాయ కత్తిరించడం, చెయ్యి దించడం, వేళ్ళు విదిలించుకోవడం. మళ్ళీ ఇంకో పాయ.

నత్తే నయం అనుకుంది కూతురు. మనసులో టిప్పు సగానికి పడిపోయింది.

"కాస్త తొందరగా కానివ్వండి. అమ్మ ఎక్కువసేపు కూర్చోలేదు."

"నిదానమే ప్రధానం కదమ్మా," అంది ఆవిడ. అంటూండగానే దువ్వెన జారి కింద పడింది.

టిప్పు సగంలో సగమైంది.

దువ్వెన కడుక్కొచ్చి, మళ్ళీ పడేసింది. ఈసారి దాన్ని తల్లి ఒళ్ళో పెట్టింది.

"ఇది మీరు పట్టుకోండి పిన్నిగారూ. అడిగినప్పుడల్లా అందిద్దురుగాని. కుడిచేత్తో."

కూతురికి ఒళ్ళు మండింది. పని చేతకాక రోగి చేత చాకిరీ చేయిస్తుందా? ఇంక టిప్పు లేదు, ఏమీ లేదు.

"ఆ చెయ్యి పనిచెయ్యదండీ."

"పడేస్తే పడేస్తారు. నేను పడెయ్యట్లేదూ?"

తల్లి కిసుక్కున నవ్వింది. ఇన్నాళ్ళ తర్వాత ఆ నవ్వు విని కూతురు నోటిదాకా వచ్చిన మాట మింగేసింది.

ఆవిడ వంగి, ముడుచుకుపోయిన ఆ వేళ్ళని ఒక్కొక్కటే తెరిచి దువ్వెన పెట్టింది. జారిపోయింది. మళ్ళీ పెట్టింది. మళ్ళీ జారింది.

"ఇటివ్వు," అంది తల్లి మొండిగా. "ఈసారి చూస్తాను దీని సంగతి."

ఈసారి దువ్వెన నిలిచింది. బొటనవేలు వచ్చి దాని మీద ఆనింది.

బంతికి లొంగని వేళ్ళు దువ్వెనకి లొంగాయి. కూతురు గోడకి చేరబడి, వాళ్ళిద్దరూ చూడకుండా కళ్ళు తుడుచుకుంది. గుండెల మీంచి బండరాయి దించినట్టయింది.

కత్తిరింపు అయ్యేసరికి గది నిండా ఎండ వచ్చింది. జుట్టు మెడ దగ్గర సమంగా, వెంట్రుకవాసి తేడా లేకుండా నిలిచింది.

తల్లి తనే అద్దం అడిగింది. అటూ ఇటూ తిరిగి చూసుకుంది.

"బాగానే ఉంది. పాపం, కాకులే వేరే ఇల్లు వెతుక్కోవాలి."

కూతురు పర్సు తీసింది. ముందు అనుకున్న నోటే ఇచ్చింది. ఎక్కువా లేదు, తక్కువా లేదు.

ఆవిడ నోటు అందుకోలేదు.

"నిజం చెప్పమ్మా. పని బాగుందనే ఇస్తున్నావా?"

"ఆలస్యమైంది. దువ్వెన పడేశారు. కోపం కూడా వచ్చింది," అంది కూతురు. "కానీ కత్తిరింపు బాగుంది. నేను జాలిపడి టిప్పు ఇచ్చే మనిషిని కాదండీ."

ఆవిడ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నోటు కళ్ళకద్దుకుని, మడిచి, కళ్ళద్దాల పెట్టెలో దాచుకుంది.

ఒక్క నోటుకే ఇంత సంబరమా అనుకుంది కూతురు.

కాసేపటికి నర్సు ఇంకొకావిణ్ణి వెంటబెట్టుకొచ్చింది.

"ఇదిగో, పార్లర్ ఆవిడ వచ్చింది."

"ఇందాకే కత్తిరించి వెళ్ళారుగా? కళ్ళద్దాలావిడ."

నర్సు తల్లి జుట్టు చూసింది. ఆ తర్వాత దువ్వెన వదలని చెయ్యి చూసింది.

"ఆవిడా? పక్క గది పేషెంటు. ఇవాళే ఇంటికి పంపించేశాం."

కూతురు వరండాలోకి పరిగెత్తింది. ఎవరూ లేరు. పక్క గదిలో మంచం మీద కొత్త దుప్పటి పరిచి ఉంది.

పేషెంటని తెలిస్తే తప్పకుండా జాలిపడేదాన్ని, 'పాపం' అని పెద్ద నోటే ఇచ్చేదాన్ని అనుకుంది. తెలియకపోవడమే మంచిదైందని స్థిమితపడి గదిలోకి వచ్చింది.

"ఏం జబ్బుతో వచ్చింది ఆవిడ?"

"పార్లర్ నడుపుకునే మనిషి, మీ అమ్మగారిలాగే కుడిచెయ్యి పడిపోయి వచ్చింది," అంది నర్సు, "మళ్ళీ కత్తెర పట్టాక ఆవిడ కత్తిరించిన మొదటి తల మీ అమ్మగారిదే."